ఏదో పరిగెడుతుందిలెండి

మా అమ్మాయి కాలేజీ పరుగు జట్టులో చేరిన పొద్దున మేమిద్దరం పార్కింగ్ లాట్‌లో, కార్లో కూర్చుని పులిహోర తిన్నాం. ఎగిరి గంతులేయాల్సిన సమయం. ఇద్దరిలో ఒక్కరం కూడా గట్టిగా నవ్వలేదు. నాకైతే సంతోషం లేదు, దుఃఖం లేదు, పులిహోరలో ఉప్పు వేశానో లేదో కూడా తెలియలేదు. ఎందుకలా అయిందో చెప్పాలంటే ముందు నా నోటి సంగతి చెప్పుకోవాలి.

నా నోరు అందరి విషయంలోనూ మంచిదే, నా పిల్ల విషయంలోనే కాదు. ఎవరైనా చీర బాగుందంటే "పాతదేలెండి" అంటాను. కూర బాగుందంటే "ఇవాళ కాస్త మాడింది" అంటాను. పిల్ల బాగుందంటే మాత్రం గుండెల్లో రాయి పడుతుంది. వెంటనే ఏదో ఒక వంక పెట్టి ఆ పొగడ్తని అక్కడికక్కడే తుడిచేయాలి. లేకపోతే దిష్టి. ఇది నాకెవరూ నేర్పలేదు. మా అమ్మ నన్ను గురించి అలాగే మాట్లాడేది, మా అమ్మమ్మ మా అమ్మను గురించి అలాగే మాట్లాడేది. అమెరికాలో ఈ క్యారీ ఊరికి వచ్చి పద్నాలుగేళ్ళయింది, ఒక మందుల కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను, అంటే రోజంతా ఇంకొకళ్ళు రాసినదాంట్లో తప్పులు పట్టడం నా ఉద్యోగం. అంత చదువూ అంత ఉద్యోగమూ ఆ భయాన్ని వెంట్రుకవాసి కూడా కదిలించలేదు.

అమ్మాయి తొమ్మిదో తరగతిలో పరుగు మొదలుపెట్టింది. స్నేహితురాలు చేరిందని తనూ చేరింది. ఆ స్నేహితురాలు రెండు వారాల్లో మానేసింది, ఇది మానలేదు. పొద్దున్నే అయిదున్నరకి లేచి, మా ఇళ్ళ వెనక చెట్లలోంచి వెళ్ళే తారుబాట మీద నాలుగైదు మైళ్ళు పరిగెత్తి, నేను కాఫీ కలుపుకునే వేళకి చెమటలు కక్కుతూ వచ్చి మెట్ల మీద కూర్చునేది. నాలుగేళ్ళలో ఒక్కరోజు కూడా నేను లేపలేదు. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి.

పన్నెండో తరగతికి వచ్చేసరికి స్కూల్లో దూరపు పరుగులో దీన్ని మించినవాళ్ళు లేరు. ట్రాక్ చుట్టూ ఎనిమిది చుట్లు, రెండు మైళ్ళు, పదకొండు నిమిషాల ఇరవై సెకన్లలో పరిగెత్తేది. రాష్ట్ర పోటీలకి వెళ్ళింది. ఆ వారం మా వీధి చివర ఉండే స్నేహితురాలి ఇంట్లో పాట్‌లక్, తలా ఒక వంట పట్టుకెళ్ళే విందు. ఆవిడది వరంగల్, మనసులో ఏదీ దాచుకోదు. నేను పప్పు గిన్నె బల్ల మీద పెట్టానో లేదో, "అక్కా, మీ బిడ్డ స్టేట్ల ఉరికిందట గదా! మస్తు ఖుషీ అయింది నాకు!" అని ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది.

"ఏం ఉరకడమో ఏమో, ఏదో పరిగెడుతుందిలెండి. ఎండలో పడి బొగ్గులా అయింది" అన్నాను.

"అట్లనకు అక్కా! వజ్రమసొంటి పిల్ల!"

చూశారా, ఇదీ పద్ధతి. నేను తీసేస్తాను, అవతలివాళ్ళు నిలబెడతారు. నేను ఎంత కిందికి తోస్తే వాళ్ళు అంత పైకి ఎత్తుతారు. పొగడ్త నాకు అందుతుంది, దిష్టి తగలదు. పుట్టినప్పటి నుంచీ ఆడుతున్న ఆట, నియమాలు ఎవరూ రాసి పెట్టలేదు. ఆ సాయంత్రం అమ్మాయి మెట్ల మీద ప్లేటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. మా మాటలన్నీ దానికి వినిపించాయి. వినిపిస్తే ఏం, దానికీ తెలిసిన ఆటే అనుకున్నాను.

ఇంటికొచ్చి దిష్టి తీశాను. ఉప్పూ ఎండుమిరపకాయలూ చుట్టూ తిప్పి, పొయ్యి మీద పెనంలో పడేశాను. పొగకి స్మోక్ అలారం గీపెట్టింది. మా ఆయన తువ్వాలు పట్టుకుని దాని కింద విసురుతూ, "ఒక్క మిరపకాయ చాలదటే! ఫైర్ ఇంజన్ వచ్చాక వాళ్ళకి కూడా తీస్తావా?" అని కేకలు. అమ్మాయి దగ్గుతూ నవ్వింది. మేం ముగ్గురం కలిసి అలా నవ్వుకోవడం అదే చివరిసారి, ఆ ఏడాదికి.

కాలేజీలో కూడా పరిగెత్తాలని దాని కోరిక. స్కాలర్‌షిప్పులిచ్చి పిలుచుకెళ్ళేంత వేగం తనది కాదని దానికీ తెలుసు. వాక్-ఆన్ అని ఇంకో దారి ఉంటుంది. స్కాలర్‌షిప్ ఉండదు, జట్టులో చోటు మాత్రం ఇస్తారు. అందరితో పాటే సాధన, అందరిలాగే చొక్కా. ఆ చోటు కోసం ఇది పద్నాలుగు కాలేజీల కోచ్‌లకి తనే ఈమెయిళ్ళు రాసుకుంది. తన టైములన్నీ ఒక పట్టికలో పెట్టి, పరుగు వీడియోలు జతచేసి పంపింది. ముగ్గురు జవాబిచ్చారు. అందులో ఒక్కరే చివరిదాకా వచ్చారు. కొండల వైపు, మాకు మూడున్నర గంటల దూరంలో ఉన్న కాలేజీ. అక్కడ కంప్యూటర్ సైన్స్‌లో సీటు అప్పటికే వచ్చింది, కాబట్టి మా ఆయనకీ అభ్యంతరం లేదు. మిగిలింది జట్టులో చోటు. ఒకటే చోటు ఉందట, ఇద్దరమ్మాయిల్ని చూస్తున్నారట.

"అమ్మా, కోచ్ నీకు కాల్ చేస్తాడు థర్స్‌డే. ఫ్యామిలీస్‌తో మాట్లాడతాడు అంట, హి ఆల్వేస్ డజ్ దట్" అంది అమ్మాయి. గోళ్ళు కొరుక్కుంటోంది. నాలుగేళ్ళలో అది గోళ్ళు కొరకడం చూడలేదు. "జస్ట్ నార్మల్‌గా మాట్లాడు, ఓకే? ఐ రియల్లీ వాంట్ దిస్."

"నాకు మాట్లాడటం రాదా ఏం?" అన్నాను.

గురువారం మధ్యాహ్నం రెండు మీటింగుల మధ్యలో ఫోన్ వచ్చింది. మంచి మనిషి, గొంతు మెత్తగా ఉంది. మీ అమ్మాయి టైమూ, ఇంకో అమ్మాయి టైమూ దాదాపు ఒకటే, అందుకే పిల్లల సంగతి ఇంట్లోవాళ్ళని అడుగుతుంటాను, అన్నాడు. "టెల్ మీ అబౌట్ హర్. ఎలాంటి పిల్ల? ఎలా కష్టపడుతుంది?"

నేను ఫోన్ పట్టుకుని లేచి నిలబడ్డాను. పెద్దమనిషి, బయటివాడు, పిల్ల భవిష్యత్తు చేతిలో ఉన్నవాడు. అలాంటివాడి ముందు సొంత పిల్లని ఆకాశానికెత్తితే ఎంత అసహ్యంగా ఉంటుంది!

"నథింగ్ స్పెషల్ సర్" అన్నాను నవ్వుతూ. "యావరేజ్ ఓన్లీ. ఏదో రన్ చేస్తుంది. పొద్దున్నే నేను లేపకపోతే లేవదు కూడా. మీ దగ్గర ఇంతకంటే మంచి అమ్మాయిలు చాలామంది ఉండి ఉంటారు."

అని, ఆగాను. ఆయన మాట కోసం ఆగాను. అయ్యో అలా అంటారేమిటి, అంత మంచి టైములున్న పిల్లని, అని ఆయన అనాలి. అప్పుడు నేను ఇంకోసారి కాదని, ఆయన ఇంకోసారి అవునని, అలా రెండు మూడు విడతలయ్యాక అసలు మాటలోకి వస్తాం. అవతల నుంచి కీబోర్డు చప్పుడు వినిపించింది. ఆయన ఏదో టైప్ చేసుకుంటున్నాడు.

"ఐ రియల్లీ అప్రీషియేట్ యువర్ ఆనెస్టీ" అన్నాడు.

"థాంక్యూ సర్" అన్నాను.

ఇంకో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేశాడు. నాకు నిజంగా, ఒట్టేసి చెబుతున్నాను, మాట్లాడటం బాగా కుదిరిందనిపించింది. రాత్రి భోజనాల దగ్గర మా ఆయన అడిగాడు.

"కోచ్‌తో ఏం మాట్లాడావు?"

"మామూలుగానే మాట్లాడాను."

"కొంపదీసి పొగడలేదు కదా?"

"ఛ! నేనెందుకు పొగుడుతాను?"

"మంచి పని చేశావు. వాళ్ళే చూసుకుంటారు" అని పెరుగన్నం కలుపుకున్నాడు. అమ్మాయి తల వంచుకుని తింటోంది. అదేమీ అడగలేదు. ఎందుకడగలేదో నాకప్పుడు తట్టలేదు.

తొమ్మిదో రోజు పొద్దున, స్కూలుకి బయల్దేరబోయే ముందు, వంటింట్లో నిలబడి ఫోన్ చూసుకుంది. "దే వెంట్ విత్ ద అదర్ గర్ల్" అంది. ఫోన్‌ని బోర్లా పెట్టింది. ప్లేట్లో సగం తిన్న దోసె ఉంది. దాన్ని పూర్తిగా తినేసి, ప్లేటు కడిగి, డిష్‌వాషర్లో పెట్టి, బ్యాగ్ తగిలించుకుని వెళ్ళిపోయింది. గరాజ్ తలుపు కిందికి దిగుతున్నంతసేపూ నేను పొయ్యి దగ్గరే నిలబడ్డాను. అప్పుడు నాకు ఆ కీబోర్డు చప్పుడు మళ్ళీ వినిపించింది. ఆయన టైప్ చేసుకున్నది నా మాటల్నే. ఆయన నన్ను నమ్మాడు.

ఏడుపు వస్తుందేమోనని చూశాను, రాలేదు. చెయ్యి కింద పెట్టుకుని పడుకుంటే తిమ్మిరెక్కి, ఆ చెయ్యి మనది కాదన్నట్టు ఉంటుందే, అలా ఉంది ఒళ్ళంతా. లాప్‌టాప్ తెరిచి ఎనిమిదిన్నర మీటింగ్‌లో కూర్చున్నాను. ఎవరో నన్ను ఏదో అడిగారు, జవాబు కూడా చెప్పాను.

కోచ్ పంపిన ఆ ఈమెయిల్ చివర ఒక వాక్యం ఉందట. కాలేజీలో చేరిన పిల్లలెవరైనా ఆగస్టులో జరిగే ట్రయౌట్‌కి, అంటే ఎంపిక పరుగుకి, రావచ్చు, ఎనిమిది చుట్లు పదకొండు నిమిషాల పదిహేను సెకన్ల లోపు పరిగెత్తినవాళ్ళలోంచి ఇద్దరిని తీసుకుంటాం, అని. దాని అత్యుత్తమ టైముకి ఇంకా అయిదు సెకన్లు తగ్గాలి. అయిదు సెకన్లంటే మనకి ఒక తుమ్ము. వాళ్ళకి ఆరు నెలల చాకిరీ.

ఆ వేసవి మా ఇల్లు ఎలా గడిచిందో నాకు సరిగ్గా గుర్తులేదు. గొడవలేమీ లేవు. అమ్మాయి పొద్దున్నే లేచి పరిగెత్తేది, మధ్యాహ్నం పడుకునేది, సాయంత్రం మళ్ళీ పరిగెత్తేది. అడిగినదానికి జవాబు చెప్పేది. అన్నం పెడితే తినేది. పాటలు వినడం మానేసింది. నేను కూడా అయిదింటికే లేవడం మొదలుపెట్టాను. ఆ ఉక్కలో వరండాలో కుర్చీ వేసుకుని, నీళ్ళ సీసా పక్కన పెట్టుకుని కూర్చునేదాన్ని. అది వచ్చి, సీసా తీసుకుని, తాగి, లోపలికి పోయేది. నేను నిద్ర లేపకపోతే లేవని పిల్ల.

మా ఆయనకి చెప్పాను. "నేనైనా అదే అనుండేవాణ్ణి" అన్నాడు. ఓదార్పు కోసం అన్నాడో నిజంగానే అన్నాడో గానీ, ఆ మాట నాకే రకంగానూ పనికి రాలేదు.

అమ్మాయికి చెప్పాలని ఒకసారి ప్రయత్నించాను. ఇండియన్ స్టోర్‌కి వెళ్తున్నాం, కూరగాయలకి. "ఆ కోచ్ ఫోన్ చేసినప్పుడు నేను..." అని మొదలుపెట్టాను. అది కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఇట్స్ ఫైన్, అమ్మా" అంది. నేనేం చెప్పబోతున్నానో వినకుండానే ఫైన్ అనేసింది. దొరికిందే చాలని నేనూ నోరు మూసుకున్నాను. ఆ రోజు బెండకాయలు ముదురువి తెచ్చాం, ఇద్దరం చూసుకోలేదు.

ఆగస్టులో సామాన్లన్నీ కార్లో వేసుకుని కాలేజీకి వెళ్ళాం. హాస్టల్ గదిలో దుప్పట్లు పరిచి, రైస్ కుక్కర్ ఎక్కడ దాచాలో చెప్పి, మా ఆయన ఆఫీసులో రిలీజ్ ఉందని కార్ అద్దెకి తీసుకుని వెనక్కి వెళ్ళిపోయాడు. నేను ట్రయౌట్ అయ్యేదాకా ఉండిపోయాను. రమ్మని అది అనలేదు, వద్దనీ అనలేదు. పులిహోర ముందురోజే ఇంట్లో చేసి తెచ్చాను.

మర్నాడు పొద్దున ఏడున్నరకి ట్రాక్ దగ్గరికి వెళ్ళాం. తొమ్మిది మంది అమ్మాయిలు, చొక్కాలకి నంబర్లు గుచ్చుకుని అటూ ఇటూ కదులుతున్నారు. మెళ్ళో స్టాప్‌వాచ్‌తో కోచ్. నేను కంచె బయట నిలబడ్డాను. ఇంకో రహస్యం ఇప్పుడు చెప్పాలి. నాలుగేళ్ళుగా ప్రతి పోటీకీ వెళ్ళాను గానీ, దీని చివరి చుట్టు నేనెప్పుడూ చూడలేదు. తల్లి దిష్టే ముందు తగులుతుందంటారు. అందుకని చివరి చుట్టు గంట మోగగానే వేరేవాళ్ళ పిల్లల వైపు చూస్తూ నిలబడేదాన్ని. ఫలితం చప్పట్లని బట్టి తెలుసుకునేదాన్ని.

ఆ రోజు చూశాను. దిష్టి తగిలితే తగలనీ, నా నోటికన్నా నా కళ్ళు ఎక్కువ చెరుపు చేస్తాయా, అనుకున్నాను. మొదటి చుట్లలో అయిదో స్థానంలో ఉంది. మోచేతులు ఒంటికి ఆనించి, తల కదపకుండా, పక్కన ఎవరున్నారో పట్టనట్టు. ఆరో చుట్టులో ఇద్దరు వెనకబడ్డారు. ఏడో చుట్టులో ఇంకొకరు. గంట మోగింది. అప్పుడది మెడ కొంచెం ముందుకు చాచి, కాలి వేళ్ళ మీద లేచినట్టుగా పరుగు మార్చింది. నాకు తెలియని పిల్ల ఎవరో పరిగెడుతున్నట్టుంది. ఇంత బాగుంటుందని నాకు తెలియదు. నాలుగేళ్ళు ఎవరి పిల్లల్ని చూస్తూ నిలబడ్డాను నేను?

రెండోదిగా వచ్చింది. పదకొండు నిమిషాల తొమ్మిది సెకన్లు.

కోచ్ ఇద్దరి నంబర్లు చదివాడు. అందులో ఒకటి దీనిది. అది తల ఊపి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, గడ్డి వైపు చూస్తూ నిలబడింది. కోచ్ కంచె దగ్గరికి వచ్చి నన్ను పలకరించాడు. నేను మూడు నెలలుగా ఇంగ్లీషులో కూర్చిపెట్టుకున్న వాక్యాలు గొంతులో సిద్ధంగా ఉన్నాయి. సర్, ఆ రోజు నేను చెప్పింది నిజం కాదు, మా వైపు అలా మాట్లాడతారు, నా పిల్ల ఎవరూ లేపకుండానే లేస్తుంది.

"యూ మస్ట్ బి హర్ మామ్! నైస్ టు ఫైనల్లీ మీట్ యు" అన్నాడు. "మనం ఇంతకు ముందు మాట్లాడుకున్నామా? సారీ, స్ప్రింగ్‌లో ఎంతోమందికి కాల్ చేస్తాను."

ఆయనకి గుర్తు లేదు. నా నెత్తిన మూడు నెలలు కూర్చున్న మాట ఆయన ఆ వారమే మర్చిపోయాడు. "మాట్లాడామండీ, కొంచెమే" అన్నాను. సోమవారం ఆరింటికి మొదటి ప్రాక్టీస్ అని అమ్మాయికి చెప్పి, కాగితాలు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

అలా వచ్చి కార్లో కూర్చున్నాం. పులిహోర డబ్బా తెరిచాను. స్పూన్లు మర్చిపోయాను, చేత్తోనే తిన్నాం. నాలుగు ముద్దలయ్యాక దానికి చెప్పాను. తప్పించుకోవడానికి వీల్లేకుండా, ఫోన్లో ఆయనతో అన్న ప్రతి ముక్కా చెప్పాను.

"ఐ నో" అంది.

"ఎలా తెలుసు?"

"అదే డే నాకు కాల్ చేశాడు, నీ తర్వాత. 'మీ అమ్మ యావరేజ్ అంటుంది, డు యు అగ్రీ?' అని అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"యా, ప్రెటీ మచ్, అన్నాను."

నా చెయ్యి డబ్బాలోనే ఉండిపోయింది. "ఎందుకలా అన్నావే?"

"నువ్వు చెప్పావు కదా." దాని గొంతులో కోపం లేదు. వాతావరణం చెప్పినట్టు చెప్పింది. "నువ్వు ఎప్పుడూ అదే చెప్తావు, ఆంటీలకి, అందరికీ. యూ నో మి బెస్ట్. సో ఐ థాట్ ఇట్స్ ట్రూ."

తిట్టినా బాగుండేది. నేను గబగబా చెప్పుకొచ్చాను, అది నిజం కాదమ్మా, మనవాళ్ళు అలా అంటారు, మనం తక్కువ చేసి చెబితే అవతలివాళ్ళు అలా అనకండి అని ఎక్కువ చేసి చెబుతారు, అదొక పద్ధతి, నీకు తెలుసనుకున్నాను. అది వేలికంటిన పసుపు నాక్కుంటూ శ్రద్ధగా వింది.

"ఓకే. ఆంటీలు నీకు చెప్తారు" అంది. "మరి నాకు ఎవరు చెప్పాలి?"

పద్దెనిమిదేళ్ళ పిల్ల. పార్కింగ్ లాట్‌లో ఎవరో తండ్రి మినీ ఫ్రిజ్ మోసుకుంటూ పోతున్నాడు. ఆయన వెళ్ళిపోయేదాకా చూశాను.

"చాలా బాగా పరిగెత్తావు" అన్నాను. ఎవరో రాసిచ్చింది చదివినట్టుంది నా గొంతు. "చివరి చుట్టు చూశాను. నీ అంత బాగా ఎవరూ పరిగెత్తలేదు."

అది నా వైపు చూడలేదు. డబ్బాలోంచి ఒక వేరుశెనగ గింజ ఏరుకుని, అచ్చం నా గొంతుతో, నా విరుపుతో అంది.

"ఏదోలే అమ్మా. ఏదో పరిగెత్తాను."

గింజని నోట్లో వేసుకోకుండా వేళ్ళ మధ్య పట్టుకుని ఆగింది. నేను ఫోన్ పట్టుకుని ఎలా ఆగానో అలాగే.

"అలా అనకు" అన్నాను. అది ఇంకా ఆగే ఉంది. "అలా అనకు తల్లీ" అని ఇంకోసారి అన్నాను.